పొయ్యిగొట్టం విన్నది

ఈ హాలు మూడోది.
మొదటిది, తెరచాపలు కుట్టే కొట్టు మీద అద్దె గది.
పద్దెనిమిది వందల డెబ్బై నాలుగు. పదకొండు మంది.
కింద నుంచి తారు వాసన, రేవు నుంచి హెర్రింగ్ చేపల వాసన.
ప్రమాణం చేసేవాడు ముందు తుమ్మేవాడట.
రెండేళ్లకి తారు డబ్బా అంటుకుంది.
మంటల్లోంచి ఫర్క్వర్ మెక్‌ఆస్కిల్ తెచ్చినవి రెండే:
పద్దు పుస్తకం, తలుపు కన్నానికుండే ఇత్తడి రేకు.
కుర్చీలు మళ్లీ చేసుకుంటాం, అన్నాడు,
ఎవడెంత బాకీయో మళ్లీ ఎలా తెలుస్తుంది?

రెండోది చెక్కది. తప్పు ఒడ్డున కట్టారు.
బొగ్గు అటువైపు పడిందని తెలిసేసరికి
పైకప్పు వేసేశారు.
పన్నెండేళ్లు పడవల్లో వెళ్లి కలుసుకున్నారు.
తర్వాత ఓ ఫిబ్రవరిలో, అఖాతం గడ్డకట్టాక,
హాలు కింద దుంగలు తోసి, ఇరవై రెండు ఎడ్లను కట్టి
మంచు మీదుగా లాక్కొచ్చారు.
నడి అఖాతంలో మంచు ఒక్కసారి మూలిగింది.
ఎడ్లు ఆగాయి. మనుషులు ఆగారు.
హాల్లో గోడ గడియారం మాత్రం నాలుగు కొట్టింది.
దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

మూడోది ఇది, ఇటుకలది.
గనిలో దిగే ప్రతివాడూ వారానికి పది సెంట్లు,
ఏడేళ్లు.
గుమ్మం మీద రాతి కన్ను,
శిల్పికి డబ్బు చాలక, ఒక్క రెప్పతోనే మిగిలింది.
అది రాత్రింబవళ్లు మేలుకునే ఉంటుందని
పెద్దలు గొప్పగా చెప్పేవారు.
పాపం, నిద్రకి కూడా చందా కట్టాలేమో, అనేది మా అమ్మ.

మా అమ్మ, సీలస్ గిల్లిస్,
ముప్పై నాలుగేళ్లు ఇక్కడ నేల తుడిచింది.
సమావేశం రోజుల్లో ఆడవాళ్లకి మెట్ల దగ్గరే ఆఖరు.
కింద బొగ్గుపొయ్యి పక్కన కూర్చుని మంట చూసుకోవాలి.
గొట్టం మాత్రం పై గది నడిమధ్య నుంచే వెళుతుంది.

అంతకు చాలా ముందు, గని పేలిన ఏడు,
పైన బల్లలన్నీ దగ్గరికి చేర్చారు.
నలభై ఆరుగురు.
ఆడవాళ్లు మొదటిసారి మెట్లెక్కింది అప్పుడే.
ఎవరూ సంకేతపదం అడగలేదు.
పద్దు పుస్తకంలో ఆ పేజీ చూశాను:
శవపేటికలు నలభై ఆరు, కొలతలు వేరువేరు.
ఒక పేరు పక్కన పెన్సిల్‌తో,
"కుర్రాడు. వడ్రంగి రెండు డాలర్లు తగ్గించాడు."

ఇప్పుడు సభ్యుడు ఒక్కడే,
టార్క్విల్ మెక్‌ఫీ, తొంభై ఒకటి.
హాలు అమ్మేశారు. కొన్నవాళ్లు బాడుగ గదులు చేస్తారట.
పోయిన మంగళవారం చివరిసారి మూసేద్దాం అన్నాడు.
మూయాలంటే, పద్ధతి ప్రకారం, ముందు తెరవాలట.
మెడలో నీలం పట్టీ వేసుకుని లోపలికెళ్లి
ఫర్క్వర్ కాపాడిన ఆ రేకు జరిపి
కన్నంలోంచి నన్ను చూశాడు.
నేను బయట, తాళాల గుత్తితో.

చాలాసేపు చూశాడు.
అడగాలని గుర్తుంది ఆయనకి.
ఏం చెబితే తెరవాలో గుర్తులేదు.
రెప్ప వేయకుండా అలాగే నిలబడ్డాడు,
తలుపుకి ఇటు నేను చలిలో.

నోట్లో నువ్వుగింజ నానదంటారు.
మా అమ్మ నోట్లో నానింది, యాభై ఏళ్లు.
పోయే ముందు ఓ మధ్యాహ్నం, బంగాళాదుంపలు చెక్కు తీస్తూ
ఏడాదికొకటి చొప్పున అన్నీ అప్పజెప్పింది,
సంతలో ధరలు చెప్పినట్టు.
కొన్ని మరీ తెలివితక్కువవి, అంది.

ఆయన చేరిన ఏటిది ఏరుకుని
కన్నానికి నోరు ఆనించి చెప్పాను.
గడియ తీసిన చప్పుడు.
"ఎవరు చెప్పారు నీకు?"
"పొయ్యిగొట్టం."
ఆయనకి కుడి చెవి పనిచేయదు. ఎవరి పేరో అనుకున్నట్టుంది.
"మంచివాడే," అన్నాడు.
"చందా బాకీ ఉన్నాడేమో
పుస్తకంలో చూడు."